సంజాయిషీ

సారూ,
మెమో అందింది.
మూడు దినాలల్ల జవాబియ్యాలన్నరు.
నాకొచ్చిన తెలుగుల రాస్తున్న,
తప్పులుంటే మీ కంప్యూటరుతోని దిద్దిచ్చుకోండ్రి.

శుక్రవారం రాత్రి పదకొండు ఇరవైకి
కింద మందుల స్టోరు అద్దం పగిలింది.
నేను కుర్చీల కెల్లి లేవకముందే
బిల్డింగు తనంతట తానే పండ్లు కర్సుకున్నది.
ఐదంతస్తులు, ముప్పై ఒక్క తలుపు,
పెనం మీద మక్కలు పేలినట్టు
ఒకదానెనక ఒకటి.
దొంగ లోపలున్నడా, బయటికురికిండా,
తలుపులకు పట్టింపు లేదు.
ఎర్రలైటు. ఎక్కడనో రికార్డు జేసిన ఆడగొంతు:
"దయచేసి ఎక్కడివారు అక్కడే ఉండండి."
ఈ హన్మకొండ నౌకరీల
నాతోని ఎవ్వలూ దయచేసి అనలేదు సారూ.
అందుకే భయమైంది.

తెర మీద లెక్క వచ్చింది.
ఒకటో అంతస్తుల ఇద్దరు.
రెండుల నలుగురు.
మూడుల సున్న.
పచ్చగ, గుండ్రంగ,
కడుపునిండ తిన్నట్టున్నది ఆ సున్న.

నా బల్ల కింద మాత్రం
ఐలవ్వ టిఫిను సంచి ఉన్నది.

ఐలవ్వ ఎవలంటరేమో.
స్కానింగు గదులు తుడుస్తది.
ధర్మసాగరం దిక్కు ఊరు.
కాంట్రాక్టరు మారిన కాన్నుంచి
ఆమె కార్డు పనిచేస్తలేదు, నలభై ఎనిమిది దినాలు.
అడిగితే "వస్తది" అన్నరు.
ఎవలో నర్సమ్మ ఎనకాల,
తలుపు మూతపడే సందులకెల్లి
బకీటుతోని జొర్రి డ్యూటీ జేస్తది.
తలుపు లెక్కల ఆమె ఎన్నడూ లోపలికి రాలే.
రానామె చిక్కువడుడేంది?
తెల్లారేసరికి నేల మెరుస్తది,
ఎవలు తుడిసిండ్రని తెర ఒక్కనాడు అడగలే.

మా నాయిన గోదావరిఖనిల
దీపాల గదిల పనిజేసిండు.
బాయి దిగేటోనికి ఇత్తడి బిళ్ల ఇచ్చుడు,
ఎక్కొచ్చినంక మొలకు తగిలిచ్చుడు.
ఒక్క మొల బోసిగ కనవడ్డా
చాయ గూడ తాగకపోయేది.
ఒకపారి తెల్లారి పదింటికి ఇల్లు జేరిండు.
ఎవలో బిళ్ల జేబులేసుకొని పోయి పన్నడట.
అమ్మ మస్తు తిట్టింది.
"మనిషి దొరికిండు గదనే" అని
నాయిన కాళ్లు కడుక్కున్నడు.
ఈ ముచ్చట మెమోకు సంబంధం లేదనుకుంటే
కొట్టెయ్యండ్రి.

కంట్రోలు రూముకు ఫోన్ జేసిన.
"సిస్టంల సున్న ఉంది,
పోలీసులు వచ్చేదాక తెరవొద్దు" అన్నడు పిలగాడు.
వాని తప్పు లేదు, వానికి గూడ సున్ననే కనవడ్డది.
గప్పుడు మెట్ల దిక్కు నుంచి
బకీటు చప్పుడు.
రెండు తలుపుల నడుమ.
ముందుగాల గట్టిగ,
తర్వాత ఆగి ఆగి.

ఐలవ్వకు దమ్ము ఉన్నది సారూ.
పీల్చుకునే మందు సంచిల ఉన్నది.
సంచి పైకి తేవద్దని
బోర్డు పెట్టింది మీరే.

పచ్చడబ్బ అద్దం మోచేతితోని పగలగొట్టిన.
ముప్పై ఒక్క తలుపు ఒక్కపారే ఊపిరిడిసినయ్.
అవును, పోరడు నా పక్కకెల్లే ఉరికిండు,
ఒక్క కాలుకే చెప్పున్నది.
పట్టుకోలే. నా చేతుల సంచి ఉండె.

మెట్ల మీద, తడి మాపు పక్కన,
గోడకు ఒరిగి కూసున్నది.
మందు పీల్చినంక మొట్టమొదలు అడిగిన మాట:
"అన్నా, నా కార్డు వచ్చిందా?"
తలుపు తెరుసుకున్నది గదా,
వచ్చిందనుకున్నది.

పోయిన సరుకు పదకొండు వందల అరవై,
నా జీతంల కోస్తమన్నరు. కొయ్యండ్రి.
"లోపల ఎవరూ లేనప్పుడు
తలుపులు ఎందుకు తెరిచితివి" అని అడిగిండ్రు.
ఆ ఎవరూ అన్న మాట దగ్గర
నాలుగుసార్లు చదివిన.

ఇట్లు,
ఓదెలు, నైటు గార్డు.
మోచేతికి కుట్లు, దస్తూరి వంకర పోయింది.

జతపరిచినది:
ఐలవ్వ కార్డు ఒకటి.
ఇంకా పనిచేస్తలేదు.