చీమలు

జహ్రాలో పాత విల్లా. పై అంతస్తుల బట్టలుతికే అర్ర.
కిటికీకి అవతల దుమ్ము,
ఇవతల సబ్బు వాసన, తడి నేల.

"మిషన్ మింద చెయ్యేస్తే
చీమలు పాకినట్టు జిమ్మంటాదన్నా" అన్నది ఓబులమ్మ.
రాయచోటి పక్కన ఊరట.
"మామాకు చెప్తే చెప్పులేసుకో అనింది.
ఏసుకున్యా. చెయ్యికి యేం చెప్పులేసేది?"

నాది మెట్‌పల్లి.
పదకొండేండ్లల్ల ఈ దేశపు సముద్రాన్ని రెండుసార్లు చూసిన.
గోడల లోపలైతే రోజూ చూస్త.

ముందుగాల చేతులు తుడుసుకున్న.
చెమట గూడ ఒక తీగెనే.
ఆమెను పొడి చాప మీద నిలవెట్టిన.
మూడు దీపాల టెస్టర్‌ను
నడవల ఉన్న మంచి సాకెట్‌ల పెట్టి చూసిన,
పరీక్ష పెట్టెదానికి గూడ పరీక్ష ఉండాలె గద.
ఎలిగింది. సరే.

అప్పుడు మిషన్ ప్లగ్గు పీకి, అండ్ల పెట్టిన.
రెండు దీపాలు ఎలిగినయి,
మూడోది కన్ను మూసుకున్నది.
అట్లుంటే అంతా మంచిగున్నట్టని డబ్బా మీద బొమ్మ.

"ఏం లేదమ్మా" అన్న.
ఓబులమ్మ ఏమనలే.
బొటనవేలితోటి చూపుడువేలి కొసను రుద్దుకుంట నిలవడ్డది,
అక్కడింక ఒక చీమ మిగిలినట్టు.

నేను మెట్లు దిగిన.
బ్రేకర్ కిందికేసి, తాళమేసి,
తాళంచెవి నా జేబుల ఏసుకున్న.
పేరు, టైము రాసి కాగితం కట్టిన.
ఆ ఇంటి చిన్నపిల్లోనికి గూడ చూపెట్టిన: ఇది ముట్టద్దు హబీబీ.

మల్ల పైకెక్కిన. దీపాలు ఎలగలే.
నడవల సాకెట్‌కు తీస్కపోయిన. ఎలిగినయి.
అంటే టెస్టర్ సావలే,
చీకటి నిజమైన చీకటే.
తొందరల ఉన్నోడు ఈ నడక నడువడు.
వాని సామాను పెట్టెను ఇంకొకడు ఊరికి పార్సల్ చేస్తడు.

రెండు స్క్రూలు. మూత ఊడింది.
ఎర్రది ఉన్నది. నల్లది ఉన్నది, స్క్రూ సగం వదులు.
గోడలకెల్లి పచ్చ తీగె రానే లేదు.
ఎర్తు కాలు కాడ రెండేళ్ళ పొడుగు తీగె ముక్క,
వంగి పోయి నల్లదాన్ని కౌగిలించుకున్నది.
భూమి దాక పోవాల్సింది
పక్కింటి గడప కాడనే కూసున్నది.

దీపాలకు ఏం తెలుసు?
వాటికి ఆ రెండూ ఒక్కటే.
డ్రమ్ము తిరిగినప్పుడల్లా వాపసు పోయే కరెంటు
దారి ఇరుకై కొంచెం మిషన్ ఒంటి మీదికి ఎక్కేది.
అవే ఓబులమ్మ చీమలు.
ఒకనాడు ఆ నల్లది పూర్తిగ ఊడితే
వచ్చేటివి చీమలు కావు.

తీగె ముక్కను ఎలుగుకు పట్టి చూసిన.
ఎడమకు మూడు మెలికలు, కొస లోపలికి మడత.
నాది ఎడమ చెయ్యి.
నా మొదటి ఏడు, ఈ జహ్రాలనే,
ఫోర్మన్ థంపి "పది అర్రలు, మగ్రిబ్ లోపల ఖలాస్" అనేది.
ఏ విల్లాలో యాదికి లేదు.
ఆ ఏడు అన్ని తలుపులదీ ఒకటే రంగు.
కాకపోవచ్చు.
ఎడమ చేతోళ్ళు దునియాల మస్తు మంది ఉంటరు.

ముక్కను కత్తిరించి తాళంచెవి పక్కన ఏసుకున్న.
సాకెట్‌కు టేపు అంటించిన.
"కింది నుంచి ఎర్తు లాగాలె. మూడు దినాలు మిషన్ బంద్."
"మూడు దినాలా?" మామా మెట్ల మీదికెల్లి అరిచింది.
ఏడుగురి బట్టలు, స్కూలు యూనిఫారాలు, అబాయాలు.

ఓబులమ్మ బకెట్టు గుంజుకున్నది.
"చేత్తో ఉతుకుతా. దీనికి జిమ్మనదులే అన్నా" అని నవ్వింది.
ఆమెను సావకుండ చూసిన చెయ్యే
ఆమె నడుముకు పని పెట్టింది.
నాకు నవ్వు రాలే.

ఆ ఇంట్ల ఇంక పద్నాలుగు సాకెట్లు ఉన్నయి.
చేతులు మల్ల తుడుసుకున్న.