ఏడో బిళ్ళ

తెల్లారేసరికి సరస్సు మీంచి ఎండుచేపల వాసన
ల్యాబు కిటికీ దాకా వస్తుంది.
మ్వాంజాలో అదే మాకు కోడికూత.
రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది,
జనరేటరు దగ్గి దగ్గి లేచింది.
ఇంక్యుబేటర్లో వాటికి మాత్రం
నిద్ర చెడినట్టు లేదు.

ప్లేటు అడుగున నా చేతిరాత:
కబులా, నాలుగేళ్ళు, మంచం పదకొండు.
వానలో పుట్టిందని ఆ పేరట.
నిన్న ఒంటేలు పట్టడానికి గంటన్నర.
కుళాయి తిప్పి చప్పుడు వినిపించాం,
గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగించాం.
పిల్ల కాళ్ళు రెండూ మెలేసుకుని
"లోపల పొయ్యి ఉంది" అంది.
చివరికి నాలుగు చుక్కలు.
అవి చాలు, వాటికి.

ఏడు బిళ్ళలు పేర్చాను.
మందు పారితే బిళ్ళ చుట్టూ
ఊడ్చిన వాకిలిలా ఖాళీ గుండ్రం మిగలాలి.
అమాక్సిసిలిన్‌ను ఆనుకునే కూర్చున్నాయి,
ఎండపొద్దున గోడకి వీపు ఆనించినట్టు.
కోట్రైమోక్సజోల్, అంతే.
సిప్రో, అంతే.
స్కేలు చేతిలో ఉంది, కొలవడానికేం లేదు.
ఆరోదాన్ని కిటికీ వెలుగులో వంచి వంచి చూశాను,
ఆశకొద్దీ.
ఏడో బిళ్ళ చుట్టూ మాత్రం ఇరవై ఆరు మిల్లీమీటర్లు.
ఆ మందు మా స్టోర్లో నిండుకుని పదిరోజులు.

"ఇంతకుముందేం వాడారు?"
మింజా దాచుకోకుండా చెప్పింది:
సీసా ఒకటే కొనగలిగాను.
చంటాడికీ జ్వరం. పిల్లలు ఇద్దరు.
చెంచాతో కొలిచి సమానంగా పోశాను.

ఆమె తప్పేమిటో రాయడానికి
నా ఫారంలో గడి లేదు.
సగం దెబ్బతో వదిలిన పాము సంగతి నాకు తెలుసు.
తెలిసే, పోయినేడు మావాడి చెవిపోటుకి
మూడోరోజు నొప్పి తగ్గగానే
సీసా సొరుగులో పడేశాను,
ఈ చేత్తోనే.

మింజా చేపలారబెట్టే వలలు అమ్మింది.
మూడు రోజుల సూదిమందు వచ్చింది.
మిగతా నాలుగు రోజులదీ దారిలో ఉందన్నారు,
ఏ దారో చెప్పలేదు.

మూడోనాటి తెల్లవారుజామున పదకొండో మంచం నుంచి కేక.
పరిగెత్తాను.
దుప్పటి, పరుపు, గౌను, అంతా తడి.
పిల్ల ఏడవలేదట,
నిద్రలోనే, వానలా.
మింజా ఆ దుప్పటి విప్పి పట్టుకుని
వార్డంతా తిప్పి చూపిస్తోంది.
నవ్వాను. నవ్వుతూనే
వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాను.

ఆ రాత్రి ఇంట్లో సొరుగు లాగాను.
సీసా అడుగున పాకం గట్టిపడిపోయింది.
మూత
ఎంత తిప్పినా రావట్లేదు.