పొడువు

సాంబరాజు నన్ను బ్యాంకు కాడ దింపి
జెరాక్స్ దుకాణం నీడకు నిలబడ్డడు.
లోపల ఫర్హీన్ మేడం కంప్యూటర్ నా దిక్కు తిప్పింది.

"కిస్తు పెరగలేదమ్మా.
రేటు ముప్పావు పెరిగింది గనక
నూట ఎనభై నెలలు
నూట తొంభై తొమ్మిదైనయి, అంతే."

అంతే.
కొత్తవాడల జంపఖానాలు నేసేదాన్ని, నాకు చెప్పాల్నా?
వెడల్పు మగ్గానిది, మారదు.
పొడువే గుంజుకుంట పోతది.
పందొమ్మిది నెలల పడుగు
ఎవలో ఎక్కడ్నో కూసోని జోడిచ్చిన్రు.
పేక మాత్రం మా ఇంట్లకెల్లే ఎల్లాలె.

మా అవ్వ చావును మిత్తి అనేది,
వడ్డీనీ మిత్తే అనేది.
ఏ మిత్తి సంగతి చెప్తుందో
మాట ఒడిసేదాక తెలిసేది కాదు.
బ్యాంకు తొమ్మిది ఏడాదికని,
గిర్వి దుకాణం రెండు నెలకని తెల్వక
తొమ్మిది కన్న రెండు నయం గదా అని
ఆమె వెండి కడియాలు తీస్కపోయిండు మా చిన్నాయన.
కడియాలు మల్ల కనబడలె.
అవ్వ కాళ్ల మీద వాటి చారలు మాత్రం
కాడెక్కేదాక ఉన్నయి.

మేడం గొంతు తగ్గిచ్చింది.
"నీ డిపాజిట్ గూడ ఈ నెలే తీరుతుంది.
దానికీ ముప్పావు పెరిగింది."

అరవై వేలు.
సాంబరాజుకు తెల్వని అరవై వేలు.
బియ్యం డబ్బాల, రైక మడతల,
నూలు కొన్న చీటీలల్ల ఆరేండ్లు దాగి
ఇక్కడికొచ్చినయి.
నా తాన ఏడుకు తీసుకొని
మా ఇంటికే తొమ్మిదింపావుకు ఇస్తున్నరు.
నడుమ రెండు రూపాయల పావలా
ఏసీల సల్లగ కూసున్నది.

"విరిచి లోన్ల కడితే
ముప్పై నెలలు తగ్గుతయి. ఆలోచించు."

ఆలోచించిన.
ముప్పై నెలలంటే చిన్న మాట గాదు.
కానీ మగ్గం ఆగిన నాడు,
పిల్లకు జెరమొచ్చిన నాడు
కట్టిన పైసలు అడిగితే
ఈ గోడలు ఇటుక ఇటుకగ తిరిగిస్తయా?
తప్పు లెక్కనే అని తెలుసు.
తెలిసే, ఇంకో ఏడాదికి
సంతకం పెట్టిన.

బయట ఆయన స్కూటర్ తిప్పుకుంట అడిగిండు,
"ఏమన్నరు?"
"పెరిగిందట" అని చెప్పిన.
ఏది పెరిగిందని
ఆయన అడగలె.