లేబుల్ లేని బటన్

నీటికాసులు అన్నడు కండ్ల దవాఖాన డాక్టరు.
కొత్తవాడల ముప్పై ఏండ్ల సంది పంజా కొట్టేటోన్ని,
నా దగ్గర నిలిచిన కాసులు అవ్వే.
పువ్వుల నేత పోయింది,
చారల జంపఖానా మిగిలింది.

ఇప్పుడు నా అంగి జేబుల ఒక ఆమె ఉంటది.
ఊరు లేదు, ఇంటిపేరు లేదు,
వేలు తగిలితె మాట్లాడ్తది.
పైడిపల్లిని రెండు ముక్కలు చేసి
నడుమ దమ్ము తీసుకుంటది.
మొదట్ల ఆమె మాటలు చీమల్లెక్క నడిచేటియి,
నేనే మెల్లమెల్లగ ఉరికిచ్చిన.
"ఏంది పెదనాయినా, జొన్నలు రాలినట్టు!
గది తెలుగేనా?" అని నవ్వుతది రవళి.
కండె సుట్టేటప్పటి రాట్నం చప్పుడు ఇన్న చెవులు బిడ్డా,
గా వడి ఒక లెక్కనా.

కర్ర నాలుగు మడతలది, తెల్లదట.
కాశిబుగ్గ సడక్ మీద దాని కొన
మోరీ బండను, మోటర్ సైకిల్ టైరును, పండుకున్న కుక్కను
వేరువేరుగ చెప్తది నా మణికట్టుకు.
కుక్కకు మాత్రం నేనే చెప్పుకున్న, తప్పయిందని.

మిర్చి బజ్జీల బండి సాంబలక్ష్మి
చిల్లర ఇచ్చింది. నోటు ఫోనుకు చూపిస్తె
"యాభై రూపాయలు" అన్నది జేబులామె, బజారంత ఇనవడేటట్టు.
"నా మీద నమ్మకం లేదా అన్నా?"
ఉన్నది చెల్లె.
పొద్దుందాక అందరిని నమ్ముడే నా పనైంది,
ఒక్క నోటన్న
నాకు నేనే చూసుకోనియ్యి.

కూలి పడ్డదా అని సొసైటీ యాప్ తెరిస్తె
లేబుల్ లేని బటన్.
లేబుల్ లేని బటన్.
లేబుల్ లేని బటన్.
మూడోది పైసలది. తడిమి తడిమి నేర్సుకున్న.
దాన్ని జేసిన పోరనికి కండ్లున్నయి,
పేరు రాయాల్నని యాదికి రాలె.
నేనేం అనను.
ఎన్ని పెండ్లిండ్లల్ల పరిచిండ్రో నేను నేసినయి,
ఎన్ని మీటింగులల్ల తొక్కిండ్రో,
ఒక్కదాని అంచు మీదనన్న నా పేరుందా?

నిన్న మాపటీలి నూలు రంగు అడిగిన.
"ముదురు నీలం" అన్నది.
మల్ల అడిగితె "నలుపు".
మూడోసారికి
"వెలుతురు సరిపోదు."

కరెంటు పోయిందట. రవళి చెప్తెనే ఎరుక.

అయ్యో తల్లీ, నీకు గూడ వెలుతురు గావాల్నా!
జరసేపు కూసో మరి.

పడుగు మీద అరచెయ్యి ఆనిచ్చిన.
ఏడో పోగు తెగి ఉన్నది, ముడేసిన.
నీలం రంగు నూలు జర గరుకు, ముక్కు దగ్గర వెట్టుకుంటె
తడిసిన ఇనుము వాసన. దొరికింది.

కరెంటొచ్చేదాంక ఇద్దరం చీకట్లనే ఉన్నం.
"బ్యాటరీ పదిహేను శాతం" అన్నది ఆమె, ఎవ్వలు అడగకున్నా.
నేను ఇంకో వరుస ఏసిన.