మూడోవాడు

ఒంగోల్లో మేం బయల్దేరేటప్పటికి
అదింకా సముద్రంలోనే ఉంది,
పేరు కూడా పెట్టలేదు.
పొదిలి దగ్గర వెనక చక్రానికి గాలి కొడుతుంటే
మెడ మీద ఊదింది.
మార్కాపురంలో పలకల గుట్టల మీద
రాసింది రాసినట్టే తుడిచేసుకుంటూ చినుకులు.
కంభం లాడ్జిలో రాత్రంతా రేకుల మీద నడిచింది.
"మూడోవాడికి కూడా టీ చెప్పు" అన్నాడు పొద్దున్నే జిలాని.

దిగువమెట్ట దాటాక ఘాటు.
నెత్తిన యూరియా సంచులు.
నా సైకిలుకు గేర్లు లేవు, మోకాళ్ళున్నాయి.
ప్రతి మలుపులో ఎర్రనీళ్ళు ఎదురొచ్చాయి,
వెదుళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి,
కింద ఎక్కడో గూడ్సు బండి కూత
సొరంగంలోకి పోయి తిరిగి రాలేదు.

చెక్‌పోస్టులో లారీలన్నీ ఆపేశారు.
వంగితే దూరిపోయే సైకిళ్ళకు
గార్డు చెంచిరెడ్డి
గేటు మొత్తం పైకెత్తి పట్టుకున్నాడు,
వాన వాడి చంకలోకి కారుతుంటే.

ఇక దిగుడు.
బ్రేకు రబ్బర్లు జారిపోతే
టైరుకు చెప్పు ఆనించాను. సగం చెప్పు కొండకిచ్చేశాను.
నోరు తెరిస్తే నీళ్ళు, మూస్తే భయం.

ఆఖరి మలుపు తిరిగాం.
రోడ్డు పొడిగా ఉంది.
ఎండ. దుమ్ము. మేకలు.
మా చక్రాలు రెండు తడిగీతలు గీసి
నాలుగు బారల్లోనే మాట మర్చిపోయాయి.
జిలాని ఒకసారి వెనక్కి చూశాడు, ఎవరో రావాల్సి ఉన్నట్టు.

బోండాలు తీస్తున్నామె ఎగాదిగా చూసి
"యాడ పడినారు నాయనా, చెరువులోనా?" అంది.
వానంటే నమ్మలేదు.
జిలాని ఏమీ అనకుండా
బూటు విప్పి
ఆమె ముందు ఒంపాడు.