రోజుకు మూడొందలు

మా మీది అర్రల మూడు నెలలున్నది ఐగుల్.
కిర్గిజ్ దేశమట, మంచుకొండల అవతల.
కొత్తవాడ జంపఖానాలు ఎట్ల నేస్తరో చూద్దామని వచ్చింది,
చేతుల మా పిల్ల లెక్కల నోటుబుక్కు అసొంటిది ఒకటి,
నడుముకు కట్టుకున్న పైసల సంచి.

మొదటి రోజే లెక్క తప్పింది.
టేషన్ కాడ ఆటో ఆయన రెండొందల యాభై గుంజిండట.
షేరింగ్‌ల వస్తే పోచమ్మమైదాన్ దాక ఇరవై.
నేను తలకాయ కొట్టుకున్న.
ఆమె కొట్టుకోలే. బుక్కు తీసి రాసి
కింద రెండు గీతలు గీసింది.
తెల్లారి ఒక బన్ను, రెండు అరటిపండ్లు, గంతే.
నాకప్పటికి తెల్వదు
అది ఉపాసం కాదు, వసూలని.

మీ రూపాయీ మా సోమూ
కొంచెం అటిటుగ ఒకటే తూకం అన్నది.
నా బిడ్డ రవళిక ఫోన్ల మాట మార్చి చెప్పింది.
పరదేశోళ్లంటే
ఒక నోటు ఇడిస్తే బస్తెడు చిల్లర వస్తదనుకున్న ఇన్నొద్దులు.
ఈమెకూ పది అంటే పదే.

కిరాయి మూడువేలు పక్కకు తీసిపెట్టి
మిగిలిందాంట్ల రోజుకు మూడొందలు.
నీళ్ల క్యాను, చిన్న గ్యాసుబుడ్డి, ఫోన్ రీచార్జి.
చీకటి పడ్డంక లక్ష్మీపురం అంగడికి పోతే
టమాట సగానికొస్తదని రెండోవారమే పసిగట్టింది.
మొగం చూసి నేపాలామె అనుకున్నరు కూరగాయలోళ్లు.
ఆమె కాదనలే.
కాదంటే కిలోకు పది పెరుగుతదని నేర్పింది నేనే.

మే నెల. పైన రేకులు.
కూలర్ కిరాయికి తెస్తే నెలకు ఎనిమిదొందలు,
మీదికెల్లి కరెంటు.
బుక్కుల రాసింది, కొట్టేసింది, మళ్ల రాసింది.
ఆఖరికి పగటీలి కిందికి దిగొచ్చి
మా మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూసున్నది.
గుంత సల్లగుంటది, బిల్లు రాదు.
మా ఆయన కనకయ్య నాడె ఇసురుతుంటే
పోగులు లెక్కపెట్టేది మా భాషల,
ఎప్పుడైనా పదకొండు కాడికొచ్చి ఆగేది.

ఒకనాడు జొన్నరొట్టె, పుంటికూర తొక్కు పెట్టిన.
తిన్నది. చెయ్యి కడుక్కొని బుక్కు తీసింది.
నాకు కడుపుల మండింది.
నా రొట్టెకు ధర కడుతున్నవా?
రవళికా, ఏం రాసిందో సదువు.
పిల్ల తొంగిచూసింది.
“రొట్టె అని ఉందమ్మా. అంకె కాడ ఏం లేదు.”
సున్ననా?
“సున్న గూడ లేదు. ఖాళీ.”
ఐగుల్ ఫోన్ల మెల్లగ మాట్లాడింది.
సున్న పెడితే
ఏం తీసుకోనట్టు గదా అన్నదట.

ఆ రాత్రి సంఘం కూలిపైసలు చాపమీద పోసుకున్న.
పాల బాకీ, చిట్టి, పిల్ల ఫీజు,
ఆయన మోకాళ్ల గోలీలు.
ఇరవై రెండేండ్ల సంసారంల
పోయిందే రాసుకుంట వచ్చిన, నోటితోని.
పైస లేకుండ వచ్చిందాన్ని
ఏ వరుసల పెట్టాల్నో తెల్వలే.
లైటు ఆర్పిన.

పోయేనాడు మళ్ల అదే టేషను.
షేరింగ్‌ల ఇరవై. నాది గూడ తనే ఇచ్చింది,
నేను సంచిల చెయ్యి పెట్టేలోపే.
నూటా పద్దెనిమిది మిగిలినయని చూపించి
పరీక్ష పాసైన పోరి లెక్క నవ్వింది.
రైలు కదిలేదాక ఆ నవ్వు ఆగలే.

అర్ర ఖాళీగనే ఉన్నది. ఇంకా ఎవ్వలు రాలే.
కాశిబుగ్గల నేను గూడ ఒక బుక్కు కొన్న, పాతిక రూపాయలు.
మొదటి వరుసల ఆ పాతికే.
నిన్న యాకూబ్ దుకాణంల ఉల్లిగడ్డ తీసుకుంటే
పిరికెడు కొత్తిమీర ఊకెనే వేసిండు.
ఇంటికొచ్చి రాసిన: కొత్తిమీర.
పక్కన పెన్ను ఆనిచ్చి
కొంచెంసేపు అట్లనే కూసున్న.