పది, నది

తకమత్సు రేవు. ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయింది.
ప్రయాణికుల జాబితాలో సొగో తొకియె గారి ఇంటిపేరు
మళ్ళీ విరిగింది.

పది, నది: రెండక్షరాలు.
పదికి రెండు బైట్లు. రెండోదాన్ని
మా పాత సి ప్రోగ్రాం వాలుగీత అనుకుని
మింగేస్తుంది.
మిగిలిన సగం నదిలో సగాన్ని పట్టుకుని
"మొదలు" అని అచ్చవుతుంది,
పక్కన ఎవరిదో కాని ఒక "హె".
పాతికేళ్ళుగా ఆవిడ
పెన్నుతో దిద్దుకునే పడవెక్కుతోంది.

ఐకాన్వ్‌ని పిలిచాను.
చోటు చాలదంది.
నిజమే, యూటీఎఫ్‌లో నాలుగు బైట్లు ఆరవుతాయి,
చివరి సున్నాకి ఇంకొకటి.
ఐదున్న చోట ఏడు రాశాను.
అంతే పని.

పొద్దున్న టికెట్టుని
వెలుతురుకేసి పట్టి చూసిందావిడ.
ఏమీ అనలేదు.
పెన్ను మూత మాత్రం
పెట్టడం మర్చిపోయింది.